సబ్‌వూఫర్ ఆంప్‌ను బాక్సులోంచి బయటికి తీయాలంటే

బాస్ గట్టిగా నడుస్తున్నప్పుడు సబ్‌వూఫర్ వెనక ఉండే లోహపు ప్లేటు మీద అరచేయి ఆనించి చూడండి. ముందు వేడి తగులుతుంది, ఆ వెంటనే అదురు తెలుస్తుంది. ఆంప్ (యాంప్లిఫయర్) ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, సోల్డరింగ్ చేసిన బోర్డు అన్నీ ఆ ప్లేటుకే లోపలి వైపు బిగించి ఉంటాయి. అందుకే దీన్ని ప్లేట్ ఆంప్ అంటారు. చేతికి తగిలిన ఆ రెండూ వాటికి రోజూ తగులుతూనే ఉంటాయి.

ఆ అదురు ఎంతో లెక్క కట్టవచ్చు. 12 అంగుళాల స్పీకరు కోన్ వైశాల్యం దాదాపు 500 చదరపు సెంటీమీటర్లు. కోన్ 10 మిల్లీమీటర్లు లోపలికి వస్తే అర లీటరు గాలిని నొక్కినట్టు. పూర్తిగా మూసిన 40 లీటర్ల బాక్సులో దానివల్ల పెరిగే పీడనం సుమారు 1,770 పాస్కల్స్. 25 సెంటీమీటర్ల చదరపు ప్లేటు మీద అది 11 కిలోల బరువు పెట్టినంత. 40 హెర్ట్జ్ స్వరం మోగుతోందంటే ఆ 11 కిలోల బలం సెకనుకు 40 సార్లు ప్లేటును బయటికి తోస్తుంది, 40 సార్లు లోపలికి గుంజుతుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగాక నిలువుగా పొడుగ్గా ఉండే కెపాసిటర్ల కాళ్ల దగ్గర సోల్డరు చుట్టూ సన్నటి గీత పడుతుంది. మూడు నాలుగు కిలోల ట్రాన్స్‌ఫార్మర్ నట్టు వదులవుతుంది. సబ్ ఒకసారి మోగి ఒకసారి ఆగడం, పైన తట్టగానే మళ్లీ పలకడం ఈ జబ్బు లక్షణాలే.

వేడి సంగతి మన దగ్గర ఇంకా గట్టిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, గద్వాల వైపు 44, 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల ఇల్లయితే గదిలో గాలే బయటికన్నా వేడిగా ఉంటుంది. ప్లస్ మైనస్ 40 వోల్టుల సప్లయితో 4 ఓమ్‌ల స్పీకరును నడిపే క్లాస్ ఏబీ ఆంప్‌ను తీసుకుందాం. అది గరిష్ఠంగా 200 వాట్లు ఇవ్వగలదు. ఆ క్రమంలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు అత్యధికంగా 81 వాట్ల దాకా వేడిని వదులుతాయి. పాటలో సగటు దీనికన్నా తక్కువే, కానీ హీట్‌సింకును, అంటే ఆ వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహాన్ని, ఎంచుకోవాల్సింది ఈ 81కే. హీట్‌సింకు 80 డిగ్రీలు దాటకూడదనుకుంటే, 25 డిగ్రీల చల్లటి ఊళ్లో వాటుకు 0.68 డిగ్రీలు వేడెక్కే సింకు సరిపోతుంది. 45 డిగ్రీల పాలమూరు ఎండాకాలంలో 0.43 ఉండాలి. అంటే అదే ఆంప్‌కు ఇక్కడ ఒకటిన్నర రెట్లకు పైగా మెరుగైన సింకు కావాలి. చల్లటి దేశం కోసం కొలిచి పెట్టిన ప్లేటులో ఆ మిగులు ఉండదు.

ప్లేటు బయటి వైపు రెక్కలు కొంత వేడిని గదిలోకి వదులుతాయి. ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ల వేడి మాత్రం బాక్సు లోపలే తిరుగుతుంది. దాని చుట్టూ 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) గోడలు, వాటికి అతికించిన దూది. రెండూ వేడిని బయటికి పోనివ్వవు. పైగా స్పీకరు కోన్‌ను కదిపే వాయిస్ కాయిల్ కూడా అదే గాలిలోకి వేడి వదులుతుంది. స్పీకరుకు వెళ్లిన కరెంటులో శబ్దంగా మారేది నూటికి ఒక వంతు అటూ ఇటూ, మిగిలిందంతా వేడే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సగమవుతుందన్నది ఈ పని చేసేవాళ్లందరూ పాటించే లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. 85 డిగ్రీల దగ్గర 8,000 గంటలే. రోజుకు ఐదు గంటలు వాడితే మొదటిది పదిహేడేళ్లు దాటుతుంది, రెండోది నాలుగున్నరేళ్లు కూడా నిండదు.

టెంట్ హౌస్, డీజే సామాను నడిపేవాళ్లకు ఆంప్ వేరుగా ఉండటం కొత్త కాదు. డీసీఎం మీద బాక్సులు ఒక పక్క, ఆంప్ ర్యాక్ ఒక పక్క పెట్టుకోవడం వాళ్లకు అలవాటే. కార్లలోనూ చాలావరకు ఇంతే. ఇంట్లోని సబ్‌కు మాత్రం జాగా కలిసొస్తుందని, వైర్ల గొడవ ఉండదని రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టారు. విడదీయాలనుకునేవాళ్లు ఎక్కువగా దిగులుపడేది స్పీకరు వైరు పొడవు గురించి. నిజానికి పని చెడేది వైరు దగ్గర కాదు, ప్లేటు తీశాక మిగిలే పొక్క దగ్గర. ఈ పనిలో ముప్పావు వంతు వడ్రంగమే.

ముందు, ఎప్పుడు విడదీయకూడదో చూడాలి. కొన్ని సబ్‌లలో కోన్ కదలికను కొలిచే సెన్సరు ఉంటుంది, దాని సన్నటి వైర్లు ఆంప్‌కు వెళ్తాయి. వాటిని ముట్టుకోవద్దు. వారంటీ ఉన్నదీ అంతే. ఎనిమిది అంగుళాల చిన్న సబ్‌ను మామూలు సౌండులో వినే ఇంట్లో ఈ శ్రమకు తగిన ఫలితం రాదు. ఇంకో మాట. ప్లేట్ ఆంప్‌లలో ఆ బాక్సుకూ ఆ స్పీకరుకూ తగ్గట్టు కింది స్వరాలను ఎత్తి ఇచ్చే సర్క్యూటు, మరీ కింది స్వరాలను కోసేసే ఫిల్టరు ఉంటాయి. పాత ఆంప్‌నే బయటికి తెచ్చుకుంటే అవి అలాగే ఉంటాయి. దాన్ని పారేసి వేరే పవర్ ఆంప్ తగిలిస్తే బాస్ పలచబడవచ్చు. గాలి గొట్టం ఉన్న పోర్ట్ బాక్సులో కోన్ పట్టు తప్పి కాయిల్ స్పీకరు అయస్కాంతం వెనక ప్లేటుకు కొట్టుకోనూ వచ్చు. అందుకే మొదటి ఎంపిక పాత ఆంపే.

పొక్కను మూయడం

ప్లగ్గు పీకి, కనీసం పది నిమిషాలు ఆగండి. ప్లేటు విప్పాక పెద్ద కెపాసిటర్ల మీద మీటరు పెట్టి చూడాలి. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో ఇంకా 40 వోల్టులు కనిపిస్తే 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను రెండు కాళ్లకు ఆనించి ఒక నిమిషం పట్టుకుంటే దిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పురవ్వ లేచి కాలు కరుగుతుంది, బోర్డు మీద రాగి లేచిపోతుంది. స్పీకరుకు వెళ్లే రెండు వైర్లలో ఏది ప్లస్సో ఫోటో తీసుకుని, టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. గుర్తు పోతే ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్లు తాకించి చూడవచ్చు. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగిలితే కోన్ ముందుకు కదులుతుంది.

మూతకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి, నీటికి తట్టుకునే బీడబ్ల్యూపీ రకమైతే మేలు. ఎండీఎఫ్ కూడా పనికొస్తుంది కానీ వానాకాలంలో దాని కోసిన అంచు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బితే సందు పడుతుంది. మూత పొక్క కన్నా అన్ని వైపులా 25 మిల్లీమీటర్లు పెద్దగా ఉండి బయటి నుంచి కూర్చోవాలి. మధ్యలో 3 మిల్లీమీటర్ల స్పాంజి టేపు, తలుపు సందులకు అతికించేలాంటిది, తెగకుండా చుట్టూ ఒకే ముక్కగా అతికించాలి. మూలల్లో ముక్కలు కలిపిన చోటే గాలి కారుతుంది. 8 నంబరు, 32 మిల్లీమీటర్ల స్క్రూలు 75 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేయండి. అవి 18 మిల్లీమీటర్ల మూత దాటి గోడలోకి 14 మిల్లీమీటర్ల లోపే దిగుతాయి, గోడ దాటి బయటపడవు. ముందు సన్నటి బిట్టుతో బెజ్జం వేయకపోతే ప్లై పొరలు విచ్చుకుంటాయి.

వైరు లోపలికి వెళ్లే చోట ఉత్త రంధ్రం చేసి వైరు దూర్చి వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ సందులోంచి గాలి కోన్‌తో పాటు ఉస్ ఉస్ మని వస్తూ పోతూ ఉంటుంది. దానికి స్పీకాన్ సాకెట్టు, అంటే స్పీకరు వైర్ల కోసమే చేసిన కనెక్టరు, పెట్టండి. కింద గ్యాస్కెట్, నాలుగు స్క్రూలు. ఈ సామాను హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. సిలికాన్ సీలెంట్ వాడితే పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకే బాక్సును మూయండి.

ఇక బాక్సు లోపలి ఘనపరిమాణం. బయటికి వచ్చిన ఆంప్ లోపల రెండు మూడు లీటర్లు ఆక్రమించి ఉంటుంది. మూసిన బాక్సుకు ఇది పెద్ద తేడా కాదు. పోర్ట్ ఉన్న బాక్సు శ్రుతి మాత్రం లోపలి గాలి పరిమాణం మీద ఆధారపడుతుంది. 50 లీటర్ల పెట్టె 53 అయితే 35 హెర్ట్జ్ శ్రుతి 34కు దిగుతుంది, ఎవరి చెవికీ అందదు. 15 లీటర్ల చిన్న పెట్టె 18 అయితే 40 హెర్ట్జ్ కాస్తా 36.5 అవుతుంది. అది వినిపించే తేడా. అలాంటప్పుడు 20, 15, 10 సెంటీమీటర్ల కొలతల చెక్క దిమ్మను ఫెవికాల్ పూసి స్క్రూలతో లోపల గోడకు బిగిస్తే పోయిన 3 లీటర్లు భర్తీ అయినట్టే. పోర్ట్ లోపలి మూతికి అడ్డం రాకుండా చూసుకోండి. కొన్ని కంపెనీలు ఆంప్‌ను బాక్సు లోపలే వేరే గదిలో పెడతాయి. అలాంటిదైతే ఈ లెక్క అక్కర్లేదు.

బిగువు పరీక్షకు అగరబత్తి చాలు. ఫోనులోంచి 30 హెర్ట్జ్ టోన్ తక్కువ సౌండులో పెట్టి, వెలిగించిన అగరబత్తిని మూత అంచుల వెంబడి మెల్లగా తిప్పండి. పొగ తిన్నగా లేస్తుంటే బాగుంది. ఎక్కడైనా వణికితే సందు అక్కడే. మూసిన బాక్సుకు ఇంకో పద్ధతి ఉంది. కోన్‌ను రెండు చేతులతో, అంచుల దగ్గర సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. బిగువుగా ఉంటే నొక్కుతున్నప్పుడే మెత్తటి గాలి దిండులా ఎదురొస్తుంది, వదిలాక తొందర లేకుండా వెనక్కి వస్తుంది. టప్పున లేచిందంటే గాలి ఎక్కడో కారుతోంది.

వైరు, కనెక్టరు

200 వాట్లు, 4 ఓమ్‌లు అంటే దాదాపు 28 వోల్టులు, 7 ఆంపియర్లు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా టూ పాయింట్ ఫైవ్ వైరు అంటే ఇచ్చే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు 7.4 మిల్లీ ఓమ్‌లు. ఆంప్‌కూ స్పీకరుకూ మధ్య 10 మీటర్లుంటే పోను రాను 20 మీటర్లు, మొత్తం 0.15 ఓమ్. నష్టం 0.3 డెసిబెల్. అదే పది మీటర్లకు సన్నటి అర చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే 0.74 ఓమ్, నష్టం దాదాపు ఒకటిన్నర డెసిబెల్. ఆంప్ ఇచ్చిన శక్తిలో ఆరో వంతు వరకు వైరులోనే కాలిపోతుంది, కోన్ మీద ఆంప్ పట్టు కూడా సడలుతుంది. ఐదు మీటర్ల లోపు 1.5 వైరు చాలు. ఖరీదైన ఆడియో కేబుళ్లకు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఒక ప్రమాదకరమైన అలవాటును మాత్రం మానుకోవాలి. స్పీకరు వైరు చివర్లకు కరెంటు బోర్డులో పెట్టే టూ పిన్ ప్లగ్గు బిగిస్తారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. పెళ్లి పందిట్లో చీకట్లో ఎవరో దాన్ని గోడ సాకెట్టులో పెడితే 4 ఓమ్‌ల కాయిల్ మీద 230 వోల్టులు పడతాయి. 50 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. ఎంసీబీ పడేలోపే కాయిల్ కాలిపోవచ్చు, పక్కనున్న దూది అంటుకోవచ్చు. రెండో వైపు ఏ ప్లగ్గు పిన్నులు తేలి ఉంటే వాటిని పట్టుకున్నవాళ్ల ప్రాణమే పోవచ్చు. స్పీకాన్ అందుకే పుట్టింది. గోడ సాకెట్టులో దూరదు, తిప్పితే లాక్ అవుతుంది, మైకు జాక్‌లోలాగా దూర్చేటప్పుడు ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి తాకే గొడవ ఇందులో లేదు.

నల్ల వైరును గ్రౌండు అనుకోవద్దు. ఈ మధ్య వచ్చే క్లాస్ డి బోర్డులు, టీపీఏ3116, టీపీఏ3255 లాంటివి, చాలావరకు బ్రిడ్జి పద్ధతిలో పనిచేస్తాయి. వాటిలో ప్లస్సులోనూ మైనస్సులోనూ సిగ్నల్ ఉంటుంది. మైనస్సును లోహపు పెట్టెకు గానీ ఇంకో చానల్ మైనస్సుకు గానీ కలిపితే చిప్పు పోతుంది. స్పీకరుకు వెళ్లే రెండు వైర్లూ పెట్టెను తాకకుండా వెళ్లాలి.

ఆంప్‌కు కొత్త ఇల్లు

ప్లేటు వెనక కరెంటు భాగాలు తెరిచి ఉంటాయి కాబట్టి ఇనుప రేకు పెట్టె మంచిది. ప్లేటు కొలతకు ఒక వైపు కోసి, ఉన్న స్క్రూలతోనే బిగించవచ్చు. లోపల ఎత్తైన భాగానికి పైన 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి. రెక్కలు నిలువుగా నిలబడేలా పెట్టాలి, అడ్డంగా పడుకోబెడితే వేడి గాలి వాటి మధ్య ఇరుక్కుంటుంది. కింద 6 మిల్లీమీటర్ల బెజ్జాలు ఒక నలభై, పైన అంతే, అడుగున 2 సెంటీమీటర్ల రబ్బరు బుష్‌లు. బెజ్జాలకు లోపలి నుంచి స్టీలు దోమల జాలీ తప్పనిసరి. మన ఇళ్లలో ఆంప్ వెచ్చదనానికి బల్లులు చేరతాయి. బోర్డు మీద రెండు గీతల మధ్య బల్లి పడితే దానితో పాటు ట్రాన్సిస్టర్లూ పోతాయి. చల్క నేలల ఎర్ర దుమ్ము, మిర్యాలగూడలాంటి చోట రైస్ మిల్లుల ఊక ధూళి జాలీని త్వరగా మూసేస్తాయి. నెలకోసారి బ్రష్షుతో దులపాలి.

టొరాయిడ్, అంటే గారెలా గుండ్రంగా నడుమ బెజ్జం ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌లో ఒక ఉచ్చు ఉంది. దాని నడిమి బోల్టు కింద పెట్టెకు బిగించి ఉంటుంది. పై మూత వంగి ఆ బోల్టు పైకొనను తాకితే బోల్టు, మూత, గోడ, అడుగు కలిసి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ షార్ట్ అయిన ఒక చుట్టులా పనిచేస్తాయి. వందల ఆంపియర్లు తిరుగుతాయి, నిమిషాల్లో ట్రాన్స్‌ఫార్మర్ కమురు వాసన వస్తుంది. బోల్టు కొనకూ మూతకూ మధ్య కనీసం సెంటీమీటరు ఉండాలి.

ఎర్తు వైరును రింగు లగ్గుతో పెట్టెకు బిగించండి. లగ్గు కింద పెయింటు గీకి, పళ్ల వాషర్ వేస్తేనే లోహం లోహాన్ని తాకుతుంది. ఇంటి ఎర్తు గుంత ఎండాకాలంలో ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించాలి. సరైన ఎర్తు లేకుండా ఇనుప పెట్టె పెట్టడం కన్నా ప్లేటును బాక్సులోనే ఉంచడం నయం. ఊళ్లల్లో న్యూట్రల్ తెగినప్పుడు 230 ఉండాల్సిన చోట 400 వోల్టుల దాకా వస్తుంది. వోల్టేజీ ఎక్కువైతే కట్ చేసే స్టెబిలైజర్ ఉంటే ఎస్‌ఎంపీఎస్ (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు వాడే స్విచింగ్ పవర్ సప్లయి) ఉన్న ఆంప్ బతుకుతుంది.

ఆంప్ టీవీ పక్కకు చేరాక టీవీ నుంచి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరు ఒక మీటరుకు తగ్గుతుంది, పొడుగు వైరు స్పీకరు వైపు పోతుంది. గుయ్ మనే హమ్ తగ్గడానికి ఇదే పెద్ద కారణం. సన్నటి సిగ్నల్ వైరు గోడ లోపలి కరెంటు లైన్ల పక్కన పది మీటర్లు నడిస్తే హమ్ పట్టుకుంటుంది, స్పీకరు వైరు పట్టుకోదు. అయినా హమ్ ఉంటే ఆర్‌సీఏ పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూపు, అంటే ఎర్తు రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడటం, ఎక్కువసార్లు డిష్ కేబుల్ ద్వారా వచ్చేది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, అప్పటికీ పోకపోతే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. ప్లగ్గు ఎర్తు పిన్ను విరగ్గొడితే హమ్ పోవచ్చు గానీ పెట్టెకు కరెంటు పాకిన రోజు ఫ్యూజు పోదు, ముట్టుకున్నవాళ్లకు షాకు కొడుతుంది.

మొదటి రోజు తక్కువ సౌండులో గంట నడిపి, రెక్కల మీద చేయి పెట్టండి. ఐదు సెకన్లు ఆనించి ఉంచగలిగితే పరవాలేదు. ఫేజ్ స్విచ్‌ను 0, 180 మధ్య మార్చి, కూర్చునే చోట ఏది నిండుగా వినిపిస్తే అక్కడ ఉంచండి. వారం వాడాక మూత స్క్రూలను మళ్లీ ఒక్కొక్క పావు తిప్పు బిగించండి. కొత్త స్పాంజి టేపు ఈ వారంలోనే నలిగి కూర్చుంటుంది, ఆ సడలిక వల్లే నెల తర్వాత మళ్లీ ఉస్ మనే చప్పుడు మొదలవుతుంది.